మూటలమ్మ సాక్ష్యం

ఆసుపత్రిలో పోయినవాళ్ళ గురించి నలుగురూ చెప్పుకుంటారు. బతికి బయటపడ్డవాళ్ళ గురించి ఇంకా ఎక్కువ చెప్పుకుంటారు. వాళ్ళ కింద పరిచిన దుప్పట్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఆ దుప్పట్లను మూటకట్టి, వార్డు పేరూ మంచం నంబరూ రాసిన చీటీ గుచ్చి, ఇనప బండి మీద నేలమాళిగలోకి తోసేస్తారు. అక్కడ ఆ మూటలు విప్పే మనిషిని మూటలమ్మ అంటారు. అసలు పేరు ఆసుపత్రి రిజిస్టరులో పదిలంగా ఉంది. దాన్ని వాడినవాళ్ళు లేరు. బస్సు డ్రైవరుగా రిటైరైన ఆమె మొగుడు కూడా మొదట్లో వేళాకోళానికి మూటలమ్మా అని పిలిచి, తర్వాత దాన్నే ఖాయం చేశాడు.

ఇరవై ఆరేళ్ళు ఆమె ఆ బల్ల దగ్గర నిలబడింది. మూట విప్పడం, దులపడం, కుప్పలు వెయ్యడం. నెత్తురువి ఒక కుప్ప, మలమూత్రాలవి ఒక కుప్ప, మందు మరకలవి ఒకటి, ఉత్త చెమటవి ఒకటి. దుప్పటి మడతల్లో సూదులుంటాయి, దూది ఉంటుంది, కట్టుడు పళ్ళుంటాయి. ఒకసారి తెగిన వేలు దొరికింది. ఎవరిదో కనుక్కుని పైకి పంపించేసరికి ఆ మనిషిని ఇంటికి పంపేశారట. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారమంతా ముక్కుకు గుడ్డ కట్టుకుని ఏడుస్తారు, రెండో వారం మానేస్తారు. మూటలమ్మకు అదేమీ లేదు. చేతులు కడుక్కుని అదే బల్ల పక్కన కూర్చుని అన్నం తినేది. దేవుడు తనను చేసేటప్పుడు రోత అనేది వెయ్యడం మర్చిపోయాడని ఆమె నవ్వుతూ చెప్పుకునేది. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ ఉతుకు గదికి ఒక పద్ధతి ఉంది. గది మధ్యలో గోడ. మిషన్లను ఆ గోడలోనే బిగించారు. ఒక్కో మిషనుకు రెండు తలుపులు. ఇటు తలుపులోంచి మురికి బట్టలు వేస్తారు, అటు తలుపులోంచి ఉతికినవి తీస్తారు. ఇటు పనిచేసేవాళ్ళు అటు వెళ్ళకూడదు, అటువాళ్ళు ఇటు రాకూడదు. రోగం అంటుకుంటుందని నియమం. ఇటు వైపును మురికి వైపనీ, అటు వైపును శుభ్రం వైపనీ అంటారు. ఇరవై ఆరేళ్ళలో తాను వేసిన ఒక్క దుప్పటి కూడా తెల్లగా బయటికి రావడం మూటలమ్మ చూడలేదు.

ఆ సంగతి ఒకసారి మాటల్లో పాస్టరుగారికి చెప్పింది. అంతే, ఆ పై ఆదివారం అది ప్రసంగమైపోయింది. మనమంతా మురికి వైపు మనుషులం, మనకు కనిపించేది కుళ్ళూ నెత్తురూ మాత్రమే, దేవుడు గోడకు అవతల ఉన్నాడు, ఆయన చేతికి అన్నీ తెల్లగా అందుతాయి, మనకు కనిపించనంత మాత్రాన ఆయన లేడనుకోకండి, లోకంలో ఇంత చెడు ఎందుకుందని అడిగేవాడు మిషను ఇటు తలుపు మాత్రమే చూసినవాడు, ఇలా సాగింది. చర్చి అంతా వెనక్కి తిరిగి మూటలమ్మ వంక చూసింది. మొగుడు కూడా నిద్ర లేచి చూశాడు. ఆమె సిగ్గుపడి తలొంచుకుంది కానీ, లోపల ఒళ్ళు పొంగింది. ఆ తర్వాత ఏ పసివాడి దుప్పటి విప్పినా, పోనీలే, అవతల తెల్లగా వస్తుందిలే అనుకుని మిషన్లో వేసేది. పదకొండేళ్ళు ఆ ఒక్క మాట మీద బతికింది.

బల్లకు అటు చివర ఆమెతో పనిచేసే పిల్లను తొందర అని పిలిచేవాళ్ళు. ఇరవై మూడేళ్ళుంటాయి. నడక తొందర, మాట తొందర, చీటీ చదవకముందే మూట విప్పేసే రకం. వాళ్ళమ్మ రెండు వీధుల అవతల మిషను కుట్టే దర్జీ. మూటలమ్మకూ ఆవిడకూ చుట్టరికం లేకపోయినా వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు, చర్చిలో ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళు. పిల్లకు ఈ ఉద్యోగం వేయించింది మూటలమ్మే. దర్జీ ఆవిడ మొదట ముఖం చిట్లించింది. బట్టలు కుట్టేదాని కూతురు పీతి గుడ్డలు ఉతకడమేమిటంది. నా పక్కనే ఉంటుంది వదినా, నేను చూసుకుంటానని మూటలమ్మ మాటిచ్చింది.

ఇక వాల్వు సంగతి. వేడినీళ్ళ ట్యాంకు నెత్తిన ఒక వాల్వు ఉంది. లోపల ఆవిరి మితిమీరితే దానంతటదే తెరుచుకుని బయటికి వదలడం దాని పని. అది ముసలిదైపోయి, అవసరం ఉన్నా లేకపోయినా బుసకొడుతూ తుప్పునీళ్ళు కార్చేది. ఆ నీళ్ళు సరిగ్గా మూటలు విప్పే బల్ల మీద పడేవి. తుప్పు మరక ఎంత ఉతికినా పోదు. శుభ్రం వైపు నుంచి తిట్లు వచ్చేవి. సూపర్‌వైజరుకు నోటితో చెప్పారు, కాగితం రాసిచ్చారు. ఆయన చూద్దాం అన్నాడు. నాలుగేళ్ళపాటు ఏటా అదే మాట అన్నాడు. ఈయన చర్చిలో సంఘ పెద్ద కూడా. కానుకల సంచి పట్టుకుని వరుసల మధ్య నడుస్తుంటే కాలి చప్పుడు కూడా వినిపించనంత భక్తి.

పైవాడు చెయ్యకపోతే కిందివాళ్ళు ఏదో ఒకటి చేసుకోవాలి కదా. మురికి వైపువాళ్ళు చేసుకున్నారు. చిరిగిన దుప్పటిలోంచి ఒక పీలిక చించి, వాల్వు మీది పిడిని కిందికి నొక్కి, పైపుకు బిగించి కట్టేసేవాళ్ళు. బుస ఆగేది, కారడం ఆగేది. సాయంత్రం పని అయ్యాక విప్పేవాళ్ళు. కారే పైపుకు పీలిక బిగించడం మూటలమ్మకు ముందు ఆ బల్ల దగ్గర పనిచేసిన ముసలావిడ నేర్పిన విద్య. చెంబు మీద మూత పెట్టినంత మామూలు పని. దాన్ని తప్పని ఎవరూ అనుకోలేదు. ఎవరు కట్టినా ఒకటే కానీ, రోజూ మూటలమ్మే కట్టేది. ఇరవై ఆరేళ్ళు ముళ్ళు విప్పిన వేళ్ళు కదా, వాటికి ముడి వెయ్యడమూ బాగా తెలుసు.

ఆ రోజు మూడు రోజుల సెలవుల తర్వాత వచ్చిన మొదటి పనిదినం. పైవార్డుల్లో పేరుకుపోయిన మూటలన్నీ ఒక్కసారిగా దిగాయి. పని తెమలాలని బాయిలరు మనిషి ఆవిరి పెంచాడు. మురికి వైపు ఆ పూటకు ఇద్దరే వచ్చారు, మూటలమ్మా తొందరా. మూటలమ్మ వచ్చీ రాగానే పీలిక తీసి వాల్వు కట్టేసింది. కట్టి, మొదటి మూట విప్పింది. ఏ మూలో మర్చిపోయి నాలుగు రోజులు మగ్గబెట్టిన మూట అది. లోపల పురుగులు మెదులుతున్నాయి. అలాంటివి ఆమెకు కొత్త కాదు. అయినా ఎందుకో ఆ పూట కడుపులో దేవినట్టయింది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తొందర పకపకా నవ్వింది. "అత్తా, నీకు కూడానా? పో, వెళ్ళి మొహం కడుక్కుని రా. ఈ మూట నేను చూసుకుంటాలే" అంది.

మూటలమ్మ వెనక మెట్లెక్కి, పెరటి తలుపు తోసుకుని వెళ్ళి, కాలవ మీద వంగి, భళ్ళున కక్కుకుంది. రెండోసారి కక్కుతుండగా వెనక ట్యాంకు పేలింది.

తర్వాత జరిగినదంతా ఆమెకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. గదినిండా తెల్లటి ఆవిరి. పిల్ల అరవడం లేదు. దానికే భయం వేసింది. ఒక మిషను పునాదితో సహా పక్కకి ఒరిగి గోడలో మనిషి పట్టేంత కంత పడింది. పిల్ల మీద కప్పడానికి శుభ్రమైన గుడ్డ కావాలి. తన వైపు అలాంటిది ఒక్కటీ లేదు. మూటలమ్మ ఆ కంతలోంచి దూరి, జీవితంలో మొదటిసారి శుభ్రం వైపుకు వెళ్ళింది. అటు పనిచేసేవాళ్ళు అప్పటికే పారిపోయారు. గోడ పొడుగునా ఇస్త్రీ చేసిన దుప్పట్లు దొంతరలుగా ఉన్నాయి. పైదాన్ని లాగి విప్పింది. మధ్యలో చేటంత గోధుమరంగు మరక. ఇంకోటి విప్పింది. దానికీ మరకే. మూడోదీ అంతే. మరక లోపలికి వెళ్ళేలా మడతపెట్టి, పైన తెల్లటి భాగం కనిపించేలా పేర్చడం అక్కడివాళ్ళ పద్ధతని ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. ఆ మూడోదాన్నే తెచ్చి పిల్లకు కప్పింది.

తొందర మూడు రోజులు బతికింది. పై అంతస్తులో కాలినవాళ్ళ వార్డు, తొమ్మిదో మంచం. కింద రెండో మిషను బాగానే ఉందని ఆ మధ్యాహ్నానికే పని మొదలుపెట్టించారు. తొమ్మిదో మంచం మూటలు మామూలుగానే చీటీతో దిగేవి. వాటిని మిషన్లో వెయ్యడానికి మూటలమ్మకు చేతులు రాలేదు. తొట్టిలో చన్నీళ్ళు పట్టి చేత్తో ఉతికింది. నెత్తుటి మరకకు వేడినీళ్ళు తగిలితే అది ఇక దుప్పటితోనే చిరగాలి, అందుకని చన్నీళ్ళు. గుడ్డకు అంటుకున్న చర్మం పొరలు నీళ్ళలో తేలేవి. పైకి వెళ్ళి పిల్లను చూసే ధైర్యం లేక, ఆ నీళ్ళలో చేతులు పెట్టుకుని కూర్చునేది. నాలుగో రోజు కూడా తొమ్మిదో మంచం చీటీతో మూట వచ్చింది. విప్పితే గుప్పున పొగాకు వాసన కొట్టింది. మంచం మీద మనిషి మారిపోయాడు.

ఆ మధ్యలో ఆమె ఇంకో పని చేసింది. పగిలిన ట్యాంకు ముక్కలు ఊడుస్తుంటే వాల్వు పిడి దొరికింది. పీలిక ఇంకా దానికి అంటిపెట్టుకునే ఉంది, ముడి చెక్కుచెదరలేదు. చుట్టూ చూసింది. ముడి విప్పి, పిడిని ఇనప ముక్కల్లో పారేసి, పీలికను తీసుకెళ్ళి కాల్చేసే చెత్త సంచిలో వేసింది. ఆ తర్వాత విచారణవాళ్ళు వచ్చి, కొలిచి, ఫొటోలు తీసి, ట్యాంకు పాతబడి పగిలిందని రాసుకుని వెళ్ళారు.

ఇక మొదలైంది స్తోత్రాల గోల. చర్చిలో ఎవరు ఎదురైనా ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకోవడమే. ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ లేనిది ఆ పూటే నీకు వాంతి ఎందుకొచ్చిందో తెలుసా అని ఒకరు, ఆయన చెయ్యి నీ మీద ఉందని ఒకరు. నీతో ఆయనకు ఏదో పనుందని ఇంకొకరు. అయితే తొందరతో ఆయనకు పని లేదన్నమాట. ఆ మాట మూటలమ్మ నోటిదాకా వచ్చి ఆగిపోయేది. తన కడుపులో వేలు పెట్టి తిప్పినవాడు ఆ పిల్ల కడుపులో కూడా ఒక తిప్పు తిప్పితే సరిపోయేదిగా. ఇద్దరూ కాలవ దగ్గర పక్కపక్కన నిలబడి కక్కుకునేవాళ్ళు. అంత చిన్న పనికి లెక్క చూసుకునే దేవుడేమిటి?

ఆమెకు రోత పుట్టింది. లేదనుకున్న రోత అంతా ఒక్కసారిగా వచ్చిపడింది. సబ్బు వాసనకు డోకొచ్చేది. అన్నం కలిపితే తన వేళ్ళే తనకు అసహ్యంగా కనిపించేవి. కృప అనే మాట వింటే, కుళ్ళిన గుడ్డ మీద అత్తరు చల్లినప్పుడు వచ్చే వాసన వచ్చేది. అన్నిటికంటే రోత ఏమిటంటే, ఆ మాటలు తనకు పనికొస్తున్నాయి. దేవుడి చిత్తం అని అందరూ కలిసి ఒక పెద్ద దుప్పటి తెచ్చి జరిగినదాని మీద కప్పుతుంటే, దాని కింద తన ముడి కూడా దాక్కుంటోంది. సూపర్‌వైజరుగారి నాలుగేళ్ళ చూద్దాం కూడా అక్కడే హాయిగా పడుకుంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. అందరి పిడికిళ్ళూ విప్పి దేవుడి దోసిట్లో పోసి చేతులు దులుపుకుంటున్నారు.

రోజూ పొద్దున్నే మోకాళ్ళ మీద కూర్చునేది. ప్రార్థన చెయ్యాలని కాదు. ఎవరైనా తనను తిడతారేమోనని. నువ్వే కట్టావు కదే అని ఒక్క మాట, కలలో అయినా, చెవిలో అయినా వినిపిస్తే చాలనుకునేది. ఏమీ వినిపించేది కాదు. ఆ ముడి తాను వెయ్యడం చూసినవాడు ఒక్కడే మిగిలాడు, ఆయన నోరు విప్పడు. దొంగతో కుమ్మక్కయిన సాక్షిలా అలా ఊరుకున్నాడేమిటని ఆమెకు ఒళ్ళు మండేది. దాక్కోవడంలో ఇద్దరం ఇద్దరమే అనుకునేది.

ఇక దర్జీ ఆవిడ. ఆవిడ మిషను మీద గుడ్డ కప్పేసింది. చర్చికి వచ్చేది కానీ పాత బల్ల మీద కూర్చోకుండా ఆఖరి వరుసలో తలుపు పక్కన కూర్చునేది. పాడదు, ఏడవదు, ఎవరితోనూ మాట్లాడదు. ఆమెకు దేవుడు గొప్ప ఓదార్పు ఇచ్చాడు, చూడండి ఎంత నెమ్మదిగా ఉందో అని సంఘంలో చెప్పుకునేవాళ్ళు. ఆ నెమ్మది ఏపాటిదో మూటలమ్మకు తెలుసు. ఊపిరాడని మనిషి కూడా నెమ్మదిగానే ఉంటుంది.

ఆరు వారాలయ్యాక పాస్టరుగారు ఇంటికొచ్చారు. నెలకో ఆదివారం చర్చిలో ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెబుతారు, దేవుడు తమకు చేసిన మేలు గురించి. ఈ నెల నువ్వు చెప్పాలమ్మా అన్నారు. ఆయన మంచివాడు, అదే తంటా. దుర్మార్గుడైతే తలుపు ముఖాన వెయ్యొచ్చు. తొందర మంచం పక్కన ఆ మూడు రోజులూ కూర్చున్నది ఆయనే. కళ్ళ కింద నల్లగా అయింది. పిల్ల పోయినప్పటి నుంచి సంఘంలో విశ్వాసం సడలుతోందనీ, దేవుడు ఎక్కడున్నాడని కుర్రవాళ్ళు మొహం మీదే అడుగుతున్నారనీ, నీ సాక్ష్యం వాళ్ళకు ఊతమవుతుందనీ చెప్పారు.

"అయ్యగారూ, ఆ రోజు ఆయన అక్కడ ఉన్నాడంటారా?" అని అడిగింది మూటలమ్మ.

ఉన్నాడన్నారు ఆయన. ఉంటే ఎందుకు ఆపలేదంది. మనుషులకు స్వేచ్ఛ ఇచ్చాడు, అడుగడుగునా చెయ్యి పట్టుకుని ఆపితే మనం బొమ్మలమవుతాం కదమ్మా అన్నారు. మరి నన్ను బయటికి లాగాడుగా, నేను బొమ్మను కానా అంది. శ్రమలు మనుషులను పుటం పెడతాయన్నారు ఆయన. పుటం పెట్టింది ఎవరిని, కాలింది ఎవరు అంది. ఆయన మార్గాలు మనకు మరుగై ఉంటాయి, గోడకు అవతల ఏముందో మనకేం తెలుసు అని ఆఖరుకు ఆ పాత మాట దగ్గరికే వచ్చారు.

"నాకు తెలుసు. నేను వెళ్ళి చూశాను" అంది మూటలమ్మ. మడతల సంగతి చెప్పింది. ఎన్ని దుప్పట్లు విప్పిందో, ఎన్నిటికి మరకలున్నాయో, వాటిని ఎలా మడతపెడతారో అంతా చెప్పింది. పాస్టరుగారు టీ గ్లాసు అలాగే చేతిలో పట్టుకుని కూర్చుని, చల్లారాక బల్ల మీద పెట్టి, ఆదివారం తప్పక రావాలమ్మా అని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఆమె మొగుడికి అసలు సంగతి చెప్పింది. ముడి గురించీ, కాల్చేసిన పీలిక గురించీ. ఆయన లేచి వీధి తలుపు మూసి వచ్చాడు. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నీ ఉద్యోగం పోతుంది, పోలీసులు వస్తారు, ఆవిడ నీ మొహాన ఉమ్మేస్తుంది. స్తోత్రం అని ఒక్క ముక్క చెప్పి కూర్చో" అన్నాడు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ రాత్రి ఆమె కక్కుకుందామని రెండుసార్లు లేచి ఇంటి ముందు కాలవ దగ్గరికి వెళ్ళింది, ఏమీ రాలేదు.

ఆదివారం సూపర్‌వైజరు ఆమెను చర్చి గుమ్మంలోనే పట్టుకున్నాడు. క్లుప్తంగా చెప్పాలన్నాడు. వాంతి అని అనకుండా అస్వస్థత అనాలన్నాడు. పవిత్రమైన చోటు కదా అన్నాడు. ఆయన నున్నగా దువ్వుకున్న తల వైపు చూస్తుంటే మూటలమ్మకు నిజంగానే అస్వస్థత వచ్చింది.

పాటలయ్యాయి. పిలిచారు. ఆమె ముందుకు వెళ్ళి మైకు అందుకుంది. మొగుడు మొదటి వరుసలో కూర్చుని ఉన్నాడు, ఆ పూట నిద్రపోలేదు. ఆఖరి వరుసలో తలుపు పక్కన దర్జీ ఆవిడ ఉంది. అంత దూరం నుంచి ముఖం సరిగ్గా కనిపించలేదు. స్తోత్రం అని ఒక్క ముక్క చాలు. చెబితే ఇంటికి వెళ్ళి అన్నం తినొచ్చు. ఆ ముక్క నాలుక మీదికి వచ్చింది కూడా. దాంతోపాటే ఆ నాలుగు రోజుల మూట వాసన కూడా గొంతులోకి వచ్చింది.

"నాకు ఆ పొద్దున వాంతి వచ్చింది" అంది. "దేవుడు తెప్పించాడని మీరంటున్నారు. నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. ట్యాంకు మీద వాల్వు ఉంది. అది మా బల్ల మీద కారుతోందని ఆ పూట దాన్ని గుడ్డ పెట్టి కట్టేశాను. రోజూ కట్టేదాన్ని. అది తెరుచుకోకే పేలింది. తర్వాత ఆ గుడ్డ దొరికితే ఎవరూ చూడకుండా పారేశాను. నేను కట్టిన ముడికి తొందర చచ్చిపోయింది. దేవుడి చిత్తం అని మీరంటుంటే ఇన్నాళ్ళూ నోరు మూసుకుని విన్నాను."

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు అందరికంటే ముందు లేచింది సూపర్‌వైజరే. ఒక్క అంగలో వచ్చి మైకు అందుకున్నాడు. సోదరి దుఃఖంలో ఉంది, మనసు చెదిరింది, ఏం మాట్లాడుతోందో ఆమెకే తెలియదు అన్నాడు. ఒకవేళ ఏదైనా పొరపాటు జరిగినా దేవుడు క్షమించని పాపమంటూ లేదు, అందరం తలలు వంచి స్తోత్రం చెబుదాం అన్నాడు. తలలు వంగాయి. అలవాటు అలాంటిది.

"ఆయన్ని మధ్యలోకి తేకండి."

ఆరు వారాలుగా ఎవరూ వినని గొంతు. దర్జీ ఆవిడ బల్లల మధ్య నుంచి నడిచి వస్తోంది. "ఆవిడ నాతో చెబుతోంది. మీతో కాదు, ఆయనతో కాదు" అంది. సూపర్‌వైజరు ఏదో అనబోయాడు. పాస్టరుగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తానూ వేదిక మెట్టు మీద కూలబడ్డారు. ఆశీర్వాదం చెప్పలేదు, ప్రార్థన చెయ్యలేదు. ఆ పూట ఆయన చేసిన మంచి పని అదొక్కటే.

దర్జీ ఆవిడ మూటలమ్మకు మూరెడు దూరంలో ఆగింది. ఉమ్ముతుందనుకుని మూటలమ్మ కళ్ళు మూసుకుంది. తుడుచుకోకూడదని మనసులో అనుకుంది.

"మొదటి నుంచి చెప్పు. పొద్దున అది లోపలికి వచ్చింది మొదలు, ఒక్కటి కూడా వదలకుండా చెప్పు. ఎవరినడిగినా దేవుడనే అంటున్నారు. నా పిల్ల ఆ రోజు ఏం చేసిందో నాకెవరూ చెప్పలేదు" అంది.

ఇద్దరూ ముందు బల్ల మీద కూర్చున్నారు. మూటలమ్మ చెప్పింది. పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి తలుపుకు భుజం కొట్టుకోవడం, చెప్పులు తారుమారుగా వేసుకోవడం, పురుగుల మూట, తనను చూసి నవ్వడం, మొహం కడుక్కుని రా అని పంపడం. చర్చిలో జనం లేచి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి విన్నారు. దర్జీ ఆవిడ చెప్పుల దగ్గర ఆపి, ఏ కాలిది ఏ కాలికి అని అడిగింది. నవ్వు దగ్గర రెండోసారి చెప్పించుకుంది. అప్పుడు ఏడ్చింది, ఆరు వారాల ఏడుపూ కలిపి, ముక్కు చీదుకుంటూ, అసహ్యంగా. మూటలమ్మ ఆవిడను ముట్టుకోలేదు.

అంతా అయ్యాక ఆవిడ లేచింది. "రేపు కూడా రా. ఇంటికి రా. ఇంకా ఏమైనా గుర్తొస్తే చెప్పాలి" అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "క్షమించానని మాత్రం అనుకోకు" అంది.

మొగుడు చెప్పినవన్నీ జరిగాయి, ఉమ్మడం తప్ప. పోలీసులు పిలిచారు, కేసు నడుస్తోంది, ఉద్యోగం పోయింది. ఆమె ఇప్పుడు ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతోంది. సూపర్‌వైజరును కూడా రెండుసార్లు పిలిచారు కానీ, ఆయన చేతిలో కానుకల సంచి అలాగే ఉంది. ఒకరోజు పాస్టరుగారు దారిలో కనబడి, ఇన్నేళ్ళు తాను గోడకు అవతల వెతికిన దేవుడు ఆ ఆదివారం మీ ఇద్దరి మధ్య ఆ బల్ల మీద కూర్చున్నాడేమో అనిపిస్తోందమ్మా అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూటలమ్మకు ఆయన మీద జాలి వేసింది, రోత కూడా వేసింది.

"ఉన్నాడేమో అయ్యగారూ. దయచేసి దాన్ని ప్రసంగంలో చెప్పకండి" అంది.

సాయంత్రం పని దిగాక ఆమె నేరుగా దర్జీ ఆవిడ ఇంటికి వెళుతుంది. ఆవిడ తలుపు తీసి పక్కకు జరుగుతుంది. మూటలమ్మ గోడ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని తొందర గురించి గుర్తొచ్చింది చెబుతుంది. ఒక్కోసారి ఆవిడ మధ్యలోనే లేచి, చాల్లే, పో అంటుంది. ఎనిమిది నెలలైంది. ఆ ఇంట్లో ఆమెకు ఇంతవరకూ గుక్కెడు మంచినీళ్ళు ఇవ్వలేదు. ఆమె వెళ్ళడం మానలేదు.